మొదటి ఉద్యోగానికి అనుభవం ఎలా పనికొస్తుంది, ఎక్కడ పనికిరాకుండా పోతుంది

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే అబ్బాయిల్లో పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్‌కి వెళ్ళినవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. సాయంత్రం బయల్దేరి వెళ్ళి, వాళ్ళిచ్చిన యూనిఫాం వేసుకుని, వందలమందికి వడ్డించి, అర్ధరాత్రి దాటాక డబ్బులు తీసుకుని రూమ్‌కి వస్తారు. అందులో కొంచెం చురుగ్గా ఉన్నవాడు ఏడాది తిరిగేసరికి తనే ఇంకో పాతికమందిని పోగేసి, ఎవరు వస్తున్నారు ఎవరు ఎగ్గొట్టారు అని చూసుకుని, ఓనర్ దగ్గర డబ్బులు వసూలు చేసి అందరికీ పంచే స్థాయికి వెళ్ళిపోతాడు. అదే అబ్బాయి డిగ్రీ అయ్యాక రెజ్యూమె రాసుకునేటప్పుడు ఎక్స్‌పీరియెన్స్ అన్న చోట "నిల్" అని పెడతాడు. ఊళ్ళో డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసిపెట్టే అమ్మాయి కూడా అంతే, మీసేవలో రెండేళ్ళు కూర్చున్న కుర్రాడూ అంతే, నాన్న ఎరువుల షాపులో స్టాక్ మొత్తం తనే చూసుకున్నవాడూ అంతే.

ఇంకోవైపు, ఆన్‌లైన్‌లో వెయ్యో రెండువేలో కట్టి "ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ సర్టిఫికెట్" తెచ్చుకున్నవాళ్ళు దాన్ని రెజ్యూమెలో అందరికంటే పైన పెడతారు. నేను కొన్నేళ్ళుగా ఒక చిన్న కంపెనీలో ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటున్నా కాబట్టి ఈ రెండు రకాల రెజ్యూమెలూ రోజూ చూస్తా, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే నిజంగా పనికొచ్చేది దాచేసి పనికిరానిది ముందు పెడుతున్నారు. అనుభవం ఉంటే ఉద్యోగం తేలిగ్గా వస్తుందని అందరూ చెప్తారు గానీ ఎందుకు వస్తుందో ఎవరూ విడమర్చి చెప్పరు, అది తెలిస్తే ఏ పని చేయాలి, చేశాక ఏం మిగుల్చుకోవాలి అన్నది దానంతటదే అర్థమవుతుంది.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ కలిసి 2024లో మన దేశంలో ఉపాధి మీద ఒక రిపోర్ట్ ఇచ్చాయి. దాని ప్రకారం 2022లో డిగ్రీ ఉన్న యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువుకోకపోతేనే మంచిదని దీని అర్థం కాదు, చదువు లేని ఇంట్లో పిల్లలకి ఖాళీగా కూర్చునే స్థోమత ఉండదు, దొరికిన పని ఏదైనా చేసేస్తారు, కూలికైనా పోతారు. డిగ్రీ చేసినవాళ్ళు చదువుకి తగ్గ పని కోసం ఆగుతారు, ఇంట్లోవాళ్ళు కూడా ఆగమంటారు. ఆ ఆగే కాలమే తర్వాత మెడకి చుట్టుకుంటుంది, ఎందుకంటే ఏడాది గడిచాక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే "పాసవుట్ అయినప్పటినుంచీ ఏం చేస్తున్నారు" అని ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగం ఇచ్చేవాడి వైపు నుంచి చూడండి. నా ముందు వంద రెజ్యూమెలు ఉన్నాయి, అందరూ బీటెక్, అందరికీ 65 నుంచి 80 శాతం, అందరికీ పైథాన్ వచ్చు, అందరి ప్రాజెక్టూ ఇంచుమించు ఒకటే. ఎవరు టైమ్‌కి వస్తారు, ఎవరు చెప్పిన పని అర్థం కాకపోతే అడుగుతారు, ఎవరు మూడో నెలలో చెప్పాపెట్టకుండా మానేస్తారు అనేది ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. తీసుకున్నాక ఆరు నెలలు జీతం ఇస్తూ నేర్పించాలి, ఒక సీనియర్ టైమ్ పెట్టాలి, అన్నీ అయ్యాక తేడా కొడితే ఆ ఖర్చంతా పోయినట్టే. అందుకే కంపెనీలు ఫ్రెషర్ దగ్గర భయపడతాయి. అతనికి పని రాదని కాదు ఆ భయం, అతని గురించి ఏమీ తెలియదని.

ఆర్థికశాస్త్రంలో దీనిమీద చాలా పని జరిగింది. మైఖేల్ స్పెన్స్ అనే ఆయన 1973లోనే చెప్పాడు, డిగ్రీ చాలావరకు ఒక సంకేతంలా పనిచేస్తుంది, నేను ఇది సాధించగలిగాను అంటే మిగతాదీ చేయగలను అని అవతలివాడికి చెప్పడానికి అని. 2001లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. మరి అందరి దగ్గరా అదే డిగ్రీ ఉంటే ఆ సంకేతానికి బలం ఎక్కడుంటుంది? తెలుగు రాష్ట్రాల్లో సందుకో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక జరిగింది ఇదే.

ఇంకో ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అమండా పాలైస్ అనే అమెరికా ఆర్థికవేత్త అప్పట్లో ఓడెస్క్ అని పిలిచే, ఇప్పుడు అప్‌వర్క్ అంటున్న ఫ్రీలాన్స్ సైట్‌లో డేటా ఎంట్రీ పనికి అప్లై చేసినవాళ్ళలోంచి లాటరీ తీసినట్టు 952 మందిని ఎంచుకుని చిన్న పని ఇచ్చి, అయ్యాక సైట్‌లో వాళ్ళకి రేటింగ్ పెట్టింది. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఒక్క చిన్న పని దొరికిన కొత్తవాళ్ళకి తర్వాత రెండు నెలల్లో వేరేవాళ్ళ దగ్గర పనులు ఎక్కువ దొరికాయి, సంపాదనా పెరిగింది. గమనించాల్సింది ఏంటంటే ఒక చిన్న డేటా ఎంట్రీ పనిలో కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది? పెద్దగా ఏమీ ఉండదు. అయినా తేడా వచ్చింది, ఎందుకంటే ఈ మనిషి పని పూర్తి చేశాడు అని ఒకరు చూసి, చూసిన సంగతి నలుగురికీ కనపడేలా రాశారు.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మొదటి ఉద్యోగం దగ్గర అనుభవం పనిచేసేది ఎన్ని నెలలు చేశాం అన్నదానివల్ల కాదు, మన పనిని కళ్ళారా చూసిన ఒక మనిషి, మనం చూపించగలిగిన ఒక పని, ఈ రెండూ మిగిలాయా లేదా అన్నదానివల్ల. ఈ రెండూ మిగలని ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కంటే ఇవి మిగిలిన ఆరు వారాల పని ఎక్కువ పనికొస్తుంది.

ఆ ప్రయోగం ఇంకో ముడి కూడా విప్పుతుంది. కొత్తవాడికి మొదట పని ఇచ్చినవాడు ఖర్చు పెట్టుకుంటాడు, రిస్క్ తీసుకుంటాడు, తీరా ఈ కుర్రాడు మంచోడు అని తేలాక ఆ లాభం పక్క కంపెనీవాడు పట్టుకుపోతాడు, రెండు వేలు ఎక్కువ ఇచ్చి. మరి మొదటివాడు ఎందుకు ముందుకొస్తాడు? రాడు. అందుకే ఫ్రెషర్ పోస్టులు ఉండాల్సినదానికంటే తక్కువ ఉంటాయి, అందుకే ఏడాది రెండేళ్ళ బాండ్లు పెడతారు, అందుకే "ఫ్రెషర్సే, కానీ ఆరు నెలల అనుభవం ఉండాలి" అని ఎవరికీ అర్థం కాని ప్రకటనలు వస్తాయి. ఆ ప్రకటనలో వాళ్ళు అడుగుతున్నది ఒకటే, ఇంకెవరైనా ఈ మనిషిని ముందు పరీక్షించి పెట్టారా అని. ప్రభుత్వం అప్రెంటిస్‌ల స్టైపెండ్‌లో వాటా భరించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది, దానికి తర్వాత వస్తా.

చూసిన మనిషి అన్నాను కదా, ఆ మనిషి రాసిచ్చే నాలుగు లైన్లకి ఎంత బలం ఉంటుందో దక్షిణాఫ్రికాలో పరీక్షించారు. ఉద్యోగం వెతుక్కుంటున్న యువతకి పాత యజమాని దగ్గర రిఫరెన్స్ లెటర్ తీసుకుని అప్లికేషన్‌తో కలిపి పంపమన్నారు. 2020లో వచ్చిన ఆ స్టడీలో లెటర్ జతచేసిన అప్లికేషన్లకి కంపెనీల నుంచి పిలుపులు 60 శాతం ఎక్కువ వచ్చాయి. మనిషి అదే, చదువు అదే, ఒక కాగితం తేడా. మన దగ్గర ఆ కాగితం లేక కాదు, ఉంటుంది, కానీ ఎలా ఉంటుందంటే "ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో ఇంటర్న్‌గా పనిచేశారు, వారి ప్రవర్తన బాగుంది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం". పేరు మార్చి వందమందికి ఇచ్చే ఈ లెటర్ చదివి నాకు ఆ మనిషి గురించి ఒక్క ముక్క తెలియదు. అదే "స్టాక్ లెక్క రోజూ సాయంత్రం తనే సరిచూసేది, మార్చి నెలాఖరు ఆడిట్ టైమ్‌లో ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు, మళ్ళీ అవకాశం ఉంటే తీసుకుంటాం" అని మూడు ముక్కలు రాస్తే ఆ అమ్మాయిని ఇంటర్వ్యూకి పిలవకుండా ఉండలేను. లెటర్ ఇచ్చేవాళ్ళకి రాసే తీరిక ఉండదు, కాబట్టి మీరే ఒక డ్రాఫ్ట్ రాసుకుని "సార్, ఇది చూసి కరెక్ట్ చేసి సంతకం పెడతారా" అని అడగొచ్చు, అందులో తప్పేమీ లేదు, చాలామంది సంతోషంగా పెడతారు.

పనివల్ల దొరికే పరిచయాల సంగతి కూడా తక్కువది కాదు. మార్క్ గ్రానవెటర్ అనే సోషియాలజిస్ట్ బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్ళని అడిగి 1973లో రాశాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్ళల్లో ఆ తెలిసినవాళ్ళని తరచూ కలుస్తూ ఉండేవాళ్ళు ఆరుగురిలో ఒకరే, మిగతా అందరికీ ఎప్పుడో ఒకసారి కలిసే మనుషుల ద్వారానే కబురు వచ్చింది. ఆలోచిస్తే సహజమే, మన ఫ్రెండ్స్‌కి తెలిసిన ఖాళీలు మనకి ముందే తెలిసి ఉంటాయి, అందరం ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటాం కదా. కొత్త కబురు కొత్త మనుషుల దగ్గర ఉంటుంది. మాదాపూర్‌లో బాబాయి టీమ్ లీడ్‌గా ఉన్నవాడికి ఈ కొత్త మనుషులు పుట్టుకతోనే ఉన్నారు. పాడేరులోనో నారాయణఖేడ్‌లోనో డిగ్రీ చేసి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకి ఇంటర్న్‌షిప్ ఒక్కటే ఆ దారి, కాబట్టి వాళ్ళకే అది అందరికంటే ఎక్కువ అవసరం, దురదృష్టం ఏంటంటే వాళ్ళకే అది అందరికంటే కష్టంగా దొరుకుతుంది.

ఇక పని నేర్చుకోవడం. కాలేజీలో నేర్చుకున్నదానికీ పనిలో నేర్చుకున్నదానికీ తేడా ఎక్కడ కనపడుతుందో ఒక బీకామ్ ఉదాహరణ చెప్తా. ఇద్దరు విద్యార్థులు, ఇద్దరికీ జీఎస్టీ పేపర్‌లో మంచి మార్కులు. వాళ్ళలో రెండోవాళ్ళు గుంటూరులో ఒక ఆడిటర్ దగ్గర నాలుగు నెలలు కూర్చున్నారు. "జీఎస్టీ గురించి చెప్పండి" అంటే మొదటివాళ్ళు 2017 జూలై 1న వచ్చింది, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ అని పుస్తకం చెప్తారు. రెండోవాళ్ళు వేరేగా మాట్లాడతారు. 11వ తారీఖు లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క) వేయాలి, 20కి 3బీ (పన్ను కట్టే రిటర్న్), ఈ మధ్యలో 2బీ (సప్లయర్లు ఎక్కించిన బిల్లుల లిస్టు) దించుకుని పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చాలి, సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చేయకపోతే మనకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కాబట్టి వాళ్ళకి ఫోన్ చేసి బతిమాలాలి, వాళ్ళు రేపు అంటారు, ఆ రేపు రాదు, అప్పుడు క్లయింట్‌కి ఎలా చెప్పాలి అని చెప్పుకుంటూ పోతారు. ఈ రెండోది ఏ సిలబస్‌లోనూ లేదు. విన్న రెండు నిమిషాల్లో అవతలివాళ్ళకి అర్థమైపోతుంది, ఈమె రేపు కుర్చీలో కూర్చుంటే పని నడుస్తుంది అని.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. ఇంకొకరు రాసిన వేల లైన్ల కోడ్ చదివి అందులో ఒక చిన్న తప్పు సరిచేయడం, సరిచేశాక సీనియర్ రివ్యూలో నాలుగు కామెంట్లు పెడితే ముఖం మాడ్చుకోకుండా మళ్ళీ మార్చడం, రాత్రి ఏదో ఆగిపోతే ఎవరికి ముందు చెప్పాలో తెలియడం, ఇవి కాలేజీ ప్రాజెక్టులో రావు, ఎందుకంటే కాలేజీ ప్రాజెక్టుని సబ్మిట్ చేశాక ఎవరూ వాడరు. వాడేవాళ్ళు ఉన్న పని చేసినప్పుడే ఈ బుద్ధులన్నీ వస్తాయి. అందుకే మీ ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్‌కో కిరాణా షాపుకో ఒక చిన్న యాప్ చేసిచ్చి, వాళ్ళు దాన్ని మూడు నెలలు వాడి తిట్టి మార్పించుకుంటే, అది కూడా నా లెక్కలో అనుభవమే, ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట మాట్లాడొచ్చు.

నచ్చనిదేదో తెలియడం కూడా ఇందులో భాగమే, త్వరగా చెప్పేస్తా. ఫార్మసీ చదివి కంపెనీలో రెండు నెలలు చేశాక ప్రొడక్షన్ షిఫ్టులు నా వల్ల కాదు, క్వాలిటీ వైపు వెళ్తా అని తెలుసుకున్న అమ్మాయి మొదటి ఉద్యోగంలో నిలబడుతుంది, తెలియనివాళ్ళు మూడు నెలలకే మానేసి మళ్ళీ మొదటికొస్తారు.

ఇప్పుడు మన దగ్గర ఉన్న దారులేంటో చూద్దాం, ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్, ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అన్నీ ఒకటే అనుకుంటారు గానీ కాదు. అప్రెంటిస్‌షిప్‌కి చట్టం ఉంది, 1961 నాటిది. మొదట ఐటీఐ ట్రేడ్లకే ఉండేది, 1973లో ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్ళని చేర్చారు, 2014 సవరణతో ఇంకా విస్తరించారు. 2019లో మార్చిన రూల్స్ ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లని తీసుకోవాలి. ఇది దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత, ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అదే రూల్స్‌లో స్టైపెండ్ చదువుని బట్టి నెలకి 5,000 నుంచి 9,000 దాకా పెట్టారు, దాన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది.

ఇందులో మళ్ళీ రెండు స్కీములు. డిగ్రీ, డిప్లొమా అయినవాళ్ళకి న్యాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్), కేంద్ర విద్యాశాఖ చూస్తుంది, తెలుగు రాష్ట్రాలకి చెన్నైలోని సదరన్ రీజియన్ బోర్డు నుంచి నడుస్తుంది, కేంద్రం ఇందులో కనీస స్టైపెండ్‌లో సగం భరిస్తుంది. రెండోది 2016లో వచ్చిన న్యాప్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్), ఐటీఐ వాళ్ళు, ఇంకా రకరకాల ట్రేడ్లవాళ్ళు ఇందులోకి వస్తారు, ఇక్కడ కేంద్రం వాటా 25 శాతం, నెలకి 1,500 దాటకుండా. పైన చెప్పిన ముడి గుర్తుందా, మొదట నేర్పించినవాడి ఖర్చు ఇంకొకడికి లాభం అవుతుందని, ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం పంచుకుంటే మొదటివాడు ముందుకొస్తాడని ఈ ఏర్పాటు. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, సింగరేణి, వైజాగ్ స్టీల్ ప్లాంట్, రెండు రాష్ట్రాల ఆర్టీసీలు, రైల్వే, ఇలా అప్రెంటిస్‌లని తీసుకునే సంస్థలు మన చుట్టూనే ఉన్నాయి.

అప్రెంటిస్ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇవ్వాలని మాత్రం లేదు, చట్టం యజమానిని అలా కట్టడి చేయదు. కానీ 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు బయటివాళ్ళకంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కి ప్రాధాన్యం ఇవ్వాలి అని. రైల్వేలో లెవెల్-1 (అన్నిటికంటే కింది మెట్టు) పోస్టుల భర్తీలో రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తి చేసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి 20 శాతం పోస్టులు పక్కన పెడతారు. ఐటీఐ చదివే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

ఆ సర్టిఫికెట్ ఎందుకు ముఖ్యమో ఇంకోటి చెప్పాలి. ఉగాండాలో యువతలో ఒక గుంపుకి ట్రైనింగ్ సంస్థలో సర్టిఫికెట్ వచ్చే శిక్షణ, ఇంకో గుంపుకి నేరుగా వర్క్‌షాపుల్లో శిక్షణ ఇప్పించి కొన్నేళ్ళు వెంబడించి చూశారు, 2020లో అచ్చయింది. వర్క్‌షాపులో నేర్చుకున్నవాళ్ళకి పని త్వరగా దొరికింది, కానీ ఆ పని పోయాక ఇంకోచోట వాళ్ళకి పని వచ్చని నిరూపించుకోలేకపోయారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మెల్లగా మొదలైనా ముందుకెళ్ళిపోయారు. మన దగ్గర మెకానిక్ షెడ్డులో పదేళ్ళు చేసినవాడికి పని వేళ్ళ చివర ఉంటుంది, చేతిలో కాగితం మాత్రం ఉండదు, అతని పరిస్థితి అచ్చం అదే. పనీ ఉండాలి, ఆ పనికి ఎక్కడైనా చెల్లే రుజువూ ఉండాలి.

రుజువు అన్నాం కాబట్టి పీఎఫ్ సంగతి. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబర్) అడిగి సర్వీస్ హిస్టరీ చూస్తాయి. అప్రెంటిస్ చట్టం కింద చేసినవాళ్ళు పీఎఫ్ చట్టం లెక్కలో ఉద్యోగులు కారు, కాబట్టి వాళ్ళ ఏడాది అక్కడ కనపడదు. కనపడలేదని కంగారుపడి కొందరు ఆ ఏడాదిని రెజ్యూమెలోంచి తీసేస్తారు, అలా చేయొద్దు, "అప్రెంటిస్" అనే రాసి కాంట్రాక్టు, స్టైపెండ్ పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. దాన్ని మామూలు ఉద్యోగంలా రాస్తేనే వెరిఫికేషన్‌లో ఇబ్బంది.

ఇక 2024 బడ్జెట్‌లో ప్రకటించిన పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్. ఐదేళ్ళలో కోటిమందికి, దేశంలో పెద్ద 500 కంపెనీల్లో ఏడాదిపాటు అన్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్ళ వయసు, నెలకి 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 అని పెట్టారు. మొదటి రౌండ్‌లో లక్షా పాతిక వేలకి పైగా అవకాశాలు పెడితే, కంపెనీలు ఇచ్చిన ఆఫర్లు 82 వేల పైచిలుకు, ఒప్పుకున్నవాళ్ళు దాదాపు 28 వేలు, తీరా చేరినవాళ్ళు 8,700 చిల్లర. పిల్లలకి ఆసక్తి లేదని కొందరు తేల్చేశారు, నేను ఒప్పుకోను. ఆరు లక్షలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి మరి. పలాస నుంచో ఆదిలాబాద్ నుంచో కొత్త ఊరికి వెళ్ళి 5,000తో హాస్టల్, తిండి, బస్సు చూసుకోమంటే ఎలా? హైదరాబాద్‌లో షేరింగ్ హాస్టల్‌కే ఆ డబ్బు సరిపోదు. ఇంటి నుంచి ఇంకో ఐదు వేలు తెప్పించుకోగలిగినవాళ్ళే చేరతారు, చేరలేనివాళ్ళకోసమే పెట్టిన స్కీమ్ అది.

ఆంధ్రలో డిగ్రీ పిల్లలకి ఇంకో ఏర్పాటు ఉంది. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి మార్చిన సిలబస్‌లో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది, మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన చాలా మంచిది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తా. కానీ లక్షలమందికి ఒకేసారి ఇంటర్న్‌షిప్ కావాలంటే చిన్న టౌన్లలో అన్ని ఆఫీసులు ఎక్కడున్నాయి? ఆ ఖాళీలోకే సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళు వచ్చారు. నాలుగు వీడియోలు చూపించి, ఒక రిపోర్ట్ ఇచ్చి, లోగో ఉన్న కాగితం చేతిలో పెడతారు. మార్కులు వస్తాయి, కానీ చూసిన మనిషి లేడు, చూపించడానికి పని లేదు. దానికంటే ఆ కమ్యూనిటీ ప్రాజెక్టులోనే యాభై ఇళ్ళు నిజంగా తిరిగి మంచినీళ్ళ మీదో బడి మానేసిన పిల్లల మీదో సర్వే చేసి ఎక్సెల్‌లో పెట్టుకుంటే, ఎన్జీవోల్లో, సర్వే సంస్థల్లో, ఫీల్డ్ ఉద్యోగాల్లో అది సూటిగా పనికొస్తుంది. కౌలు రైతు ఎందుకు వివరాలు చెప్పడానికి భయపడ్డాడు, ఎలా ఒప్పించాం అని చెప్పగలిగిన పిల్లని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను.

అమీర్‌పేట వైపు దొరికే ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ సంగతి కూడా చెప్పక తప్పదు. లేని కంపెనీ పేరుతో మూడేళ్ళ అనుభవం, పేస్లిప్పులు, ఫోన్ చేస్తే ఎత్తేవాడు, అన్నీ ప్యాకేజీ. డబ్బులు తీసుకుని బ్యాక్‌డోర్‌లో పెడతామని మోసం చేసినవాళ్ళ మీద హైదరాబాద్‌లో పోలీసు కేసులు ఎన్నో అయ్యాయి. ఇందులో పడ్డ పిల్లల్ని నేను తిట్టను, ఇంట్లో అప్పు, ఊళ్ళో అడిగేవాళ్ళు, ఆ ఒత్తిడి నాకు తెలుసు. కానీ పీఎఫ్ రికార్డు లేని మూడేళ్ళు వెరిఫికేషన్‌లో దొరికిపోతాయి, చేరిన ఆరు నెలలకి దొరికినా ఉద్యోగం పోతుంది, ఆ కంపెనీ మళ్ళీ తీసుకోదు. దొరకకపోయినా మూడేళ్ళ పని తెలిసినట్టు రోజూ నటించాలి, అది మనిషిని లోపల తినేస్తుంది.

అమెరికాలో ఎమ్మెస్ చేసే మనవాళ్ళకి ఇదే లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. చదువు మధ్యలో సీపీటీ (చదువుతుండగా పని చేసుకునే అనుమతి) మీద చేసిన ఇంటర్న్‌షిప్ చాలామందికి మొదటి ఉద్యోగం అవుతుంది, అయితే ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే అదే స్థాయి చదువు మీద వచ్చే ఓపీటీ, అంటే మామూలుగా చదువయ్యాక పని చేసుకోవడానికి వాడే అనుమతి, పోతుంది. మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం కలిపి 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. వెతుక్కోవడానికి అంత తక్కువ టైమ్ ఉన్నప్పుడు ముందే మన పని చూసిన మేనేజర్ ఒకరుంటే ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

ఒక అనుమానం మిగిలే ఉంటుంది. ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళకి ఉద్యోగాలు ఎక్కువ వస్తాయి సరే, అది ఇంటర్న్‌షిప్ వల్లేనా, లేక ముందునుంచే తెలివైనవాళ్ళు, సిటీలో ఉన్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు ఇంటర్న్‌షిప్ చేస్తారు కాబట్టా? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాలేజీలు బ్రోచర్లలో వేసే అంకెలకి ఈ అనుమానం పూర్తిగా వర్తిస్తుంది. అందుకే లాటరీ పద్ధతిలో చేసిన ప్రయోగాలు విలువైనవి, అక్కడ ఎవరికి పని దొరకాలో వాళ్ళ తెలివి, డబ్బు కాకుండా లాటరీ నిర్ణయించింది, అయినా తేడా వచ్చింది. అంటే అనుభవానికి సొంత బలం ఉంది, మనం అనుకునేంత లేకపోవచ్చు గానీ ఉంది.

మరి ఇది అందరికీ సమానంగా అందుతుందా అంటే లేదు. రాత్రి క్యాటరింగ్‌కి అబ్బాయిలు వెళ్ళినట్టు అమ్మాయిలు వెళ్ళలేరు, ఊరు దాటి ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా హాస్టల్ ఖర్చు. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ అంటే నాకు కోపం ఎందుకంటే అది చేయగలిగినవాళ్ళని ఇంటి ఆదాయం ఎంచుతుంది. కనీసం బస్సు ఖర్చు, మధ్యాహ్నం భోజనం ఇవ్వలేని సంస్థ ఇంటర్న్‌ని తీసుకోకూడదు అని నా అభిప్రాయం. నేర్పిస్తామని మీ దగ్గరే డబ్బులు అడిగితే అది కోచింగ్, దానికి ఇంటర్న్‌షిప్ పేరు పెట్టినా సరే.

రెజ్యూమెలో ఎలా రాయాలి అని చాలామంది అడుగుతారు. క్యాటరింగ్ అయితే క్యాటరింగ్ అనే రాయండి, "ఈవెంట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్" అనొద్దు. "రెండేళ్ళు పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్ టీమ్, రెండో ఏడాది పాతికమంది షిఫ్టు, పేమెంట్లు చూసుకున్నాను" అని ఒక్క లైన్ చాలు, అమ్మకాలు, ఆపరేషన్స్, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అక్కడే ఆగి అడుగుతారు. అడిగినప్పుడు ఒక ఇబ్బంది ఎలా వచ్చింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది అన్నది చెప్పండి, అబద్ధం కలపొద్దు, రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

స్కీములు ఎంచుకునేటప్పుడు వరస కూడా చూసుకోండి. ఏడాది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగ అనుభవం ఉంటే న్యాట్స్‌కి అర్హత పోతుంది, డిగ్రీ అయి ఐదేళ్ళు దాటినా పోతుంది. న్యాట్స్ గానీ న్యాప్స్ గానీ ఒకసారి చేసినవాళ్ళని పీఎం ఇంటర్న్‌షిప్‌కి తీసుకోరు. కాబట్టి ఐదు వేల రూపాయల ఉద్యోగమే కదా అని ఏదో ఒకదాంట్లో చేరేముందు, పక్కన మీ బ్రాంచ్‌కి సరిపోయే అప్రెంటిస్ నోటిఫికేషన్ ఏదైనా ఉందేమో ఆ స్కీముల పోర్టల్‌లో వెతకండి. ఎక్కడ చేరినా సరే మానేసే ముందు వారంలో లెటర్ అడగండి, చివరిరోజు హడావుడిలో ఎవరూ రాయరు. లెటర్‌తోపాటు మీ పని చూసిన ఆ సార్‌దో మేడమ్‌దో సొంత ఫోన్ నంబర్ కూడా అడిగి తీసుకోండి, వాళ్ళు ఆ ఆఫీస్ మానేశాక ఆఫీస్ మెయిల్ ఐడీ పనిచేయదు.